కొత్త తీగ కుదురుకునేదెప్పుడు? బరంపురం తీరంలో ఒక పాత వాదు

గిటారుకు కొత్త తీగలు వేసిన రోజు రెండు సంగతులు ఒకేసారి కనబడతాయి. శ్రుతి నిలవదు, నాదం మాత్రం ధగధగలాడుతుంది. వారం తిరిగేసరికి శ్రుతి నిలబడుతుంది, ధగధగ తగ్గుతుంది. రెండు మార్పులూ పక్కపక్కనే జరుగుతాయి కాబట్టి వాయించేవాళ్లు రెండింటినీ ఒకే ఖాతాలో వేసి, తీగ కుదురుకుందని తీర్మానిస్తారు. దశాబ్దాలుగా నడుస్తున్న వాదనకు చిక్కు పడింది సరిగ్గా అక్కడే. శ్రుతి దిగడానికి కారణం వేరు, నాదం మందగించడానికి కారణం వేరు. ఉక్కు తీగలో మొదటిది ఎక్కువగా చివర్ల దగ్గర జరుగుతుంది, గంటల్లో ముగుస్తుంది. రెండోది తీగ పొడవునా జరుగుతుంది, వారాల తరబడి సాగుతుంది.

బరంపురం లాంటి ఊళ్లో ఈ తేడా తెలియకపోతే డబ్బుకు డబ్బు, చెవికి చెవి నష్టం. తీగల పొట్లాల మీదా వాద్యాల పుస్తకాల్లోనూ కనిపించే సలహాలు చాలావరకు చలిదేశాల్లో, పొడిగాలిలో పుట్టినవి. గోపాల్‌పూర్ ఒడ్డుకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో, వానాకాలమంతా తేమలో నానే పట్నానికి ఆ సలహాల్లో సగం సరిపోతాయి, సగం సరిపోవు. ఏ సగం ఏదో తేల్చుకోవాలంటే వాదనను మొదటినుంచి విప్పాలి.

నరం, పట్టు, ఉక్కు

తీగ మోగే స్థాయి దేనిమీద ఆధారపడుతుందో 1636లోనే ఫ్రెంచి పండితుడు మారిన్ మెర్సెన్ సూత్రబద్ధం చేశాడు. పొడవు, బిగువు, బరువు: ఈ మూడే. వాద్యానికి ఎక్కించాక పొడవు మారదు, బరువు తొలినాళ్లలో మారదు. కాబట్టి కొత్త తీగ శ్రుతి దిగిందంటే బిగువు తగ్గినట్టే. ఎందుకు తగ్గిందన్నది మాత్రం తీగ దేనితో చేసిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ పదార్థం కాలంతోపాటు మారుతూ వచ్చింది.

ఐరోపాలో గిటారుకు చాలాకాలం గొర్రె పేగుతో చేసిన నరాలే వేసేవారు. లావు తీగలకు లోపల పట్టుపోగుల కట్ట, పైన సన్నని లోహపు చుట్టు ఉండేవి. పట్టు నేతకు పేరుపడ్డ బరంపురంలో చదివేవారికి ఇది ఆసక్తి కలిగించే సంగతే: ఇరవయ్యో శతాబ్దం సగానికి చేరేదాకా గిటారు మంద్రస్థాయికి వెన్నెముక పట్టే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పేగు దారం శస్త్రచికిత్స కుట్లకు తరలిపోయి, వాద్యాలకు కరువైంది. అప్పుడు న్యూయార్కులో ఆల్బర్ట్ ఆగస్టీన్ డ్యూపాంట్ నైలాన్‌తో తీగలు తయారుచేశాడు. గిటారు విద్వాంసుడు ఆంద్రే సెగోవియా వాటిని స్వీకరించడంతో శాస్త్రీయ గిటారు నైలాన్‌కు మళ్లింది. అమెరికా జానపద గిటారు అంతకు ముందే, 1920ల్లో, ఉక్కు వైపు తిరిగింది. 1974లో డడారియో సంస్థ రాగి, తగరం కలిసిన ఫాస్ఫర్ బ్రాంజ్ చుట్టును గిటారుకు తెచ్చింది. దుకాణంలో గిటారు తీగల సెట్టు అడిగితే చేతికిచ్చే రకాల్లో అదొకటి.

ఈ తీరంలో తీగ కథ గిటారు కంటే పాతది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. సంగీతపు రాకపోకలు విజయనగరం దిక్కుగా సాగేవి. అక్కడ 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు, 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పీఠానికి వచ్చారు. ఆ పక్కనే బొబ్బిలి, ఒకే పనస మానును తొలిచి వీణ చేసే ఊరు. కొత్త తీగను ఎలా మచ్చిక చేసుకోవాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతపు తెలుగు ఇళ్లలో మొదటి జవాబు వీణదే.

శ్రుతి దిగడం: సాగుతుందా, జారుతుందా?

ఈ విషయంలో మూడు పక్షాలున్నాయి. కొత్త తీగ సాగుతుంది కనుక వేళ్లతో పైకి లాగి, శ్రుతి సరిచేసి, మళ్లీ లాగాలన్నది మొదటి పక్షం. లాగితే తీగ ప్రాణం పోతుంది, దానంతట అదే సర్దుకునేదాకా వదిలేయాలన్నది రెండోది. తీగ సాగేది నామమాత్రమే, జారేదే ఎక్కువ అన్నది మూడోది. మూడో పక్షంలో ఎక్కువగా ఇంజినీర్లు, వాద్యాలు బాగుచేసేవారు కనిపిస్తారు.

లెక్క వేస్తే మూడో పక్షానికే బలం దొరుకుతుంది. గిటారు మొదటి ఉక్కు తీగ పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. సెకనుకు 330 కంపనాల దగ్గర శ్రుతి చేస్తే దాని మీద సుమారు ఏడు కిలోల బరువు పడుతుంది. ఆ బరువుకు 65 సెంటీమీటర్ల తీగ మొత్తం సాగేది నాలుగైదు మిల్లీమీటర్లే. అర్ధస్వరం శ్రుతి దిగాలంటే బిగువు సుమారు పదకొండు శాతం తగ్గాలి. అంటే ఎక్కడో ఒకచోట సుమారు అర మిల్లీమీటరు తీగ వదులైతే చాలు! ఆ అర మిల్లీమీటరు ఎక్కడ దొరుకుతుందో వెతకనక్కర్లేదు. కీ చుట్టూ వేసిన రెండు మూడు చుట్లు ఒకదానినొకటి నొక్కుకుని బిగుస్తాయి. బ్రిడ్జిలో దూర్చిన గుండు తన గూట్లో కూర్చుంటుంది. నట్టు మీదా బ్రిడ్జి ఎముక మీదా గుండ్రంగా వంగి ఉన్న తీగ కోణం తేరుతుంది. ఈ బరువు తీగ తెగే బలంలో సగానికి అటూఇటూగా ఉంటుంది కాబట్టి, గది వేడిలో మంచి ఉక్కు తనంతట తాను సాగిపోయేది చాలా తక్కువ.

1970ల చివర ఎలక్ట్రిక్ గిటారుకు ఫ్లాయిడ్ రోజ్ తెచ్చిన బ్రిడ్జి అమరిక దీనికి మంచి సాక్ష్యం. అందులో తీగను రెండు చివర్లా మరలతో బిగించేస్తారు. బ్రిడ్జికున్న పిడిని ఊపి తీగలను బాగా వదులు చేసి మళ్లీ బిగించినా శ్రుతి వెనక్కి వచ్చేస్తుంది. నిజంగా ఉక్కే సాగిపోతున్నట్లయితే చివర్లు ఎంత బిగించినా ఉపయోగం ఉండకూడదు.

అలాగని లాగే పక్షం చేస్తున్న పని తప్పు కాదు. వాళ్లు చెప్పే కారణం తప్పు, చేసే వైద్యం సరైనది. మెల్లగా లాగితే చివర్ల వదులు త్వరగా తీరిపోతుంది, మూడు నాలుగు విడతల్లో శ్రుతి నిలుస్తుంది. లాగకూడదనే పక్షం భయంలోనూ కొంత నిజముంది. ఒకేచోట వేలు పెట్టి గట్టిగా గుంజితే తీగలో మడత పడుతుంది, చుట్టు తీగల్లో చుట్టు లోపలి తీగను వదిలే ప్రమాదముంది. అరచేతి వెడల్పున, తీగ పొడవునా చోటు మారుస్తూ లాగేవారికి ఆ భయం అక్కర్లేదు.

నైలాన్ దగ్గర కథ తిరగబడుతుంది. అదే స్వరానికి నైలాన్ తీగ మిల్లీమీటర్లలో కాదు, సెంటీమీటర్లలో సాగుతుంది. కాబట్టి ముడి దగ్గర అర మిల్లీమీటరు జారినా చెవికి పెద్దగా తెలియదు. కానీ బరువు కింద నైలాన్ అణువులు రోజుల తరబడి సర్దుకుంటూనే ఉంటాయి. 2017లో నికొలస్ లించ్-ఎయిర్డ్, జిమ్ వుడ్‌హౌస్ హార్ప్ నైలాన్ తీగలను బరువు కింద పెట్టి ప్రచురించిన పరిశీలన ఈ సాగుడునూ, బిగువుతోపాటు తీగ బిరుసెక్కడాన్నీ కొలతలతో చూపింది. పైగా నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే ఉక్కు తీగల వాళ్లు ఒక్క సాయంత్రంలో తేల్చుకునే పనికి నైలాన్ వాళ్లు నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. కచేరీ ముందురోజు ఉక్కు తీగలు మార్చడం తెలివి, నైలాన్ తీగలు మార్చడం సాహసం. రెండు రకాలనూ కలిపి ఒకే సలహా ఇచ్చేవారివల్లే ఈ వాదు ఇంతకాలం ముగింపు లేకుండా సాగింది.

వేడి సంగతి వేరు. ఏసీ గదిలో శ్రుతి చేసిన గిటారును పది డిగ్రీలు వేడి ఎక్కువున్న ఆరుబయట వేదిక మీదికి తెస్తే, కొయ్య కదలలేదనుకున్నా, మొదటి ఉక్కు తీగ అర్ధస్వరంలో సుమారు 15 శాతం దిగుతుంది. శ్రుతి తెలిసిన చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. పాపం, ఆ నింద చాలాసార్లు కొత్త తీగ మీద పడుతుంది.

వీణ చెప్పే సాక్ష్యం

వీణ మీద ఈ వాదన అంతగా చెలరేగకపోవడానికి కారణం దాని వాయింపులోనే ఉంది. గమకం కోసం సారణి అనే మొదటి తీగను మెట్టు మీద పక్కకు లాగి, ఒకే మెట్టు దగ్గర రెండు మూడు పై స్వరాలు పలికిస్తారు. గిటారు వాళ్లు ప్రత్యేకంగా చేసే లాగుడు వీణలో సంగీతంలో భాగం. కొత్త సారణి మీద నిదానంగా ఒక వర్ణం వాయించేసరికి బిరడ (తీగను బిగించే కీ) చుట్టూ ఉన్న వదులు చాలావరకు తీరుతుంది. మిగిలిన చిన్న తేడాను రెండో చివర నాగపాశం దగ్గర లంగరు జరిపి సరిచేస్తారు. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వంటివారి వాయింపులో తీగ మీద పడే లాగుడును ఊహిస్తే, చేతితో లాగితే తీగ పాడవుతుందన్న భయం చాలావరకు తొలగిపోతుంది.

వీణకు ఉన్న చిక్కులు వేరే. కొయ్య బిరడ తేమకు ఉబ్బి బిగుసుకుంటుంది, పొడి రోజుల్లో జారుతుంది. మెట్లు నిలబడేది మైనం మీద కాబట్టి మండు వేసవిలో మేళం, అంటే మెట్ల అమరిక, కదలవచ్చు. శ్రుతి తప్పిందని తీగను మార్చే ముందు ఈ రెంటినీ చూడటం వైణికులకు అలవాటు.

నాదం విషయంలో వీణ మరో పాఠం చెబుతుంది. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాల మీద ఒక వ్యాసం ప్రచురించారు. తీగను మీటిన బిందువు దగ్గర నిశ్చలంగా ఉండాల్సిన అనుస్వరాలు (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలు) వినబడకూడదని అప్పటి భౌతిక సూత్రం. వీణలోనూ తంబురాలోనూ అవి స్పష్టంగా వినబడుతున్నాయని ఆయన చూపారు. కారణం గుర్రం (తీగలు ఆనే బ్రిడ్జి) మీది వంపు. కంపించే తీగ ఆ వంపు మీద క్షణక్షణం ఆని, వదులుతూ ఉంటుంది. నాదపు మెరుపు తీగ ఒక్కదానిదే కాదు, తీగ ఆనే చోటుది కూడా అని దీన్నుంచి తేలుతుంది. అందుకే కొత్త తీగ మూగగా పలికితే వైణికుడు ముందు గుర్రాన్ని అనుమానిస్తాడు. గిటారిస్టు అదే చోట రెండో సెట్టు కొనడానికి బయల్దేరతాడు. వైణికుడి పద్ధతే మేలు.

నాదం మారడం: మెరుపు కావాలా, మాగిన స్వరం కావాలా?

కొత్త తీగ నాదం ఇష్టపడేవారూ, పాత తీగ నాదం ఇష్టపడేవారూ ఎప్పుడూ ఉన్నారు. 1960ల బేస్ గిటారులోనే రెండు కొసలూ కనిపిస్తాయి. అమెరికాలో మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ చదునుచుట్టు తీగలను తెగేదాకా మార్చేవాడు కాదని ప్రతీతి. ఆ ముద్ద నాదమే ఆయన గుర్తు. అదే దశాబ్దంలో ఇంగ్లండులో 'ది హూ' బృందపు జాన్ ఎంట్విసిల్ రోటోసౌండ్ గుండ్రచుట్టు తీగల మీద పియానోలా గణగణలాడే స్వరం కోసం పట్టుబట్టాడు. ఇది రుచికి సంబంధించిన తేడా. ఎవరిది సరైనదో తేల్చే పని కొలతలది కాదు.

కొలతలు తేల్చగలిగింది మరొకటుంది: ఆ పై అనుస్వరాలు ఎక్కడికి పోతున్నాయి? లోహం అలసిపోతుందన్నది ఒక ఊహ. చుట్టు సందుల్లో చేరిన మురికి కంపనాన్ని మింగేస్తుందన్నది రెండోది. తుప్పు, ఫ్రెట్ల దగ్గర పడే నొక్కులు కారణమన్నది మూడోది. 1976లో జాంట్ అలెన్ అనే పరిశోధకుడు ఉక్కు గిటారు తీగల ముసలితనం మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. అప్పటినుంచి జరిగిన పరిశీలనల మొగ్గు రెండో ఊహ వైపే. చెమట, చర్మపు పొట్టు, జిడ్డు చుట్ల మధ్య చేరి, చుట్లు ఒకదానిమీదొకటి కదిలేటప్పుడు శక్తిని వేడిగా మార్చేస్తాయి. వేగంగా కంపించే అనుస్వరాలే ముందుగా నష్టపోతాయి. మూలస్వరం దాదాపు అలాగే ఉంటుంది, అందుకే ముసలి తీగ శ్రుతిలో ఉండి కూడా మందంగా పలుకుతుంది.

దీనికి రెండు సాక్ష్యాలు ఎవరింట్లోనైనా దొరుకుతాయి. చుట్టు లేని మొదటి రెండు తీగల మెరుపు నెమ్మదిగా తగ్గుతుంది, చుట్టు తీగల మెరుపు వేగంగా పోతుంది. లోహం అలసటే కారణమైతే అన్నీ ఒకేలా మందగించాలి. రెండోది, బేస్ వాయించేవారు పాత తీగలను నీళ్లలో మరిగించి ఆరబెట్టి మళ్లీ వేస్తారు, మెరుపు కొన్నాళ్లపాటు తిరిగి వస్తుంది. అలసిన లోహాన్ని వేడినీళ్లు బాగుచేయలేవు, జిడ్డును మాత్రం కడగగలవు. అయితే మరిగించడంతో తుప్పు పోదు, నొక్కులు పోవు. ఈ మూడో కారణం మరో రకం నష్టం చేస్తుంది. తీగ బరువు పొడవునా సమంగా లేకపోతే అనుస్వరాలు మూలస్వరానికి సరైన గుణిజాల్లో ఉండవు. ట్యూనరు సరిగ్గా ఉందని చూపిస్తుంది, కార్డు పట్టుకుంటే బేసురుగా వినిపిస్తుంది. తీగ మార్చడానికి మందగించిన మెరుపు కంటే ఇది పెద్ద కారణం.

ఉప్పు, చెమట, తేమ

బరంపురంలో తీగలు త్వరగా పాడవుతాయంటే సముద్రపు గాలి అనేయడం తేలిక. ఆ మాట గోపాల్‌పూర్ ఒడ్డున ఇల్లున్నవారికి నిజం. అలల తుంపరలోని ఉప్పు రేణువులు ఎక్కువగా తీరానికి మొదటి కొద్ది కిలోమీటర్లలోనే దిగిపోతాయి. లోపలికి వచ్చేకొద్దీ గాలిలో ఉప్పు బాగా తగ్గుతుంది, కానీ తేమ అంతగా తగ్గదు. వానాకాలంలో అది తరచు 80 శాతం దాటుతుంది. ఉక్కు తుప్పు సుమారు 60 శాతం తేమ దగ్గరే ఊపందుకుంటుంది. ఉప్పు అంటిన చోట అంతకంటే ముందే మొదలవుతుంది, ఎందుకంటే ఉప్పు గాలిలోని నీటిని తనవైపు లాక్కుంటుంది. పట్నం నడిబొడ్డున ఆ ఉప్పు ఎక్కువగా వచ్చేది సముద్రం నుంచి కాదు, వాయించేవాడి వేళ్ల చెమట నుంచి. గాలి నీటిని ఇస్తుంది, చెయ్యి ఉప్పునిస్తుంది. వాయించాక పొడిగుడ్డతో తీగ అడుగు భాగం కూడా తుడవాలన్న మామూలు సలహా చలిదేశంలో మంచి అలవాటు, ఇక్కడ తప్పనిసరి.

తేమ మరో దారిలో కూడా నాదాన్ని మారుస్తుంది. గిటారు కొయ్యను సాధారణంగా 45 నుంచి 50 శాతం తేమలో ఆరబెట్టి అతికిస్తారు. జూలై, ఆగస్టుల్లో ఇక్కడి గాలికి పైపలక ఉబ్బి బ్రిడ్జితో పాటు పైకి లేస్తుంది, తీగలు ఫ్రెట్లకు దూరమవుతాయి, నీరు పట్టిన కొయ్య కంపనాన్ని తనలోనే అణిచేస్తుంది. అలాంటి గిటారుకు ఎంత కొత్త తీగ వేసినా డిసెంబరులో పలికిన మెరుపు రాదు. గిటారును పెట్టెలో ఉంచి, తేమ పీల్చే సిలికా పొట్లాలు మారుస్తూ ఉండటానికి అయ్యే ఖర్చు ఒక సెట్టు తీగల ధర కంటే తక్కువ.

పూత తీగలు ఈ వాదనలోకి 1990ల చివర వచ్చాయి. గోర్ సంస్థ ఎలిక్సిర్ పేరుతో చుట్టు మీద సన్నని పాలిమర్ పొర వేసి, మురికి సందుల్లోకి పోకుండా చేసింది. మామూలు సెట్టు కంటే ధర రెండు మూడు రెట్లు. మొదటిరోజు మెరుపు కొంచెం తక్కువనీ, తీగ వేలికింద జారుతున్నట్టుంటుందనీ, మీటే చోట పొర లేస్తుందనీ ఫిర్యాదులున్నాయి, వాటిలో నిజం ఉంది. అయినా చెమట పట్టే చేతికీ తేమగాలికీ మధ్య ఉండే వాయించేవారికి ఇవే లాభం. నెలకోసారి మామూలు తీగలు మార్చగలిగినవారికి వీటి అవసరం లేదు.

ఇంకా తేలనివి

ఉక్కు తీగ తొలి గంటల్లో చివర్ల దగ్గర జారుతుందన్నది తేలింది. చుట్టు తీగల్లో లోపలి తీగకూ పైచుట్టుకూ మధ్య జరిగే సర్దుబాటు వాటా ఎంతన్నది ఇంకా వాదులో ఉంది. మొదటిరోజు వినిపించే కరుకుదనం మూడోరోజుకు తగ్గడానికి అదే కారణమని కొందరంటారు, మొదటి పొర జిడ్డే కారణమని మరికొందరు. వాయించగా వాయించగా గిటారు కొయ్య విచ్చుకుంటుందన్న నమ్మకం మరీ చిక్కుది. దాన్ని గట్టిగా చెప్పేవారు మధ్యలో ఎన్ని సెట్ల తీగలు మార్చారో, ఏ రుతువులో విన్నారో లెక్కలోకి తీసుకోరు. తీగ, తేమ, కొయ్య మూడూ కలిసి మారినప్పుడు ఘనత ఒక్క కొయ్యకు ఇవ్వడం తొందరపాటు.

గాలి వాటా ఎంత, చేతి వాటా ఎంత అన్న ప్రశ్నకు మాత్రం ఈ తీరంలోనే ఒక తయారైన పరికరం ఉంది. వీణ మీద నాలుగు వాయింపు తీగలు, మూడు తాళపు తీగలు ఉంటాయి. సారణి, పంచమం చుట్టులేని ఉక్కు. మంద్రం, అనుమంద్రం చుట్టు తీగలు. వాయింపు తీగల మీద ఎడమచేతి వేళ్లు రోజూ జారతాయి, జారడానికి కాస్త కొబ్బరినూనె కూడా రాస్తారు. తాళపు తీగలూ ఉక్కువే, కానీ వాటిని ఎడమచేయి నొక్కదు, కుడిచేతి చిటికెనవేలు మాత్రం మీటి వదిలేస్తుంది. ఏడు తీగలనూ ఒకే రోజు కొత్తవి వేసి, ఒక వీణను గోపాల్‌పూర్‌లో, మరొకదాన్ని బరంపురంలో వానాకాలం పొడుగునా ఉంచి వాయిస్తే, తాళపు తీగలు గాలి చేసిన పనిని చూపుతాయి. సారణి చెమటా నూనే కలిసి చేసిన పనిని, మంద్రాలు సందుల్లో చేరిన మురికి చేసిన పనిని చూపుతాయి. నెలకోసారి ఒకే చోట, ఒకే బలంతో మీటి ఫోనులో రికార్డు చేసుకుంటే చాలు, అనుస్వరాలు ఏ తీగలో ముందు తగ్గాయో చూపించే ఉచిత యాప్‌లు చాలానే ఉన్నాయి.